తివాచీ మీద స్నానం

మీటింగులో నోరు పెగలకపోవడం జబ్బు కాదు. వరం!

నవ్వకండి. చాలా సీరియస్‌గా చెబుతున్నాను. ఈ మధ్య ఎక్కడ చూసినా ఒకటే గోల. మీటింగంటే గుండె దడదడలాడుతోందా? మాట్లాడదామనుకునేసరికి నాలుక పిడచకట్టుకుపోతోందా? మా దగ్గరికి రండి, మీ భయం పోగొడతాం! ఎవరండీ వీళ్లంతా? మన భయం వీళ్లనేం చేసింది? పాపం, దాని మానాన అది మన కడుపులో ఓ మూల ముడుచుకుని పడుంటే, చెవి పట్టుకుని బయటికి ఈడ్చేదాకా వీళ్లకు నిద్ర పట్టదు!

ఒక్కసారి ఆలోచించండి. ఆఫీసులో అందరికీ భయం పోయిందనుకోండి. మనసులో ఉన్నది ఉన్నట్టు పైకి అనేస్తున్నారనుకోండి. ఇప్పుడు ఇద్దరు ముగ్గురు మాట్లాడితేనే మధ్యాహ్నం భోజనం సాయంత్రం కాఫీలో కలిసిపోతోంది. అందరూ మాట్లాడితే మనం ఇల్లు చేరేసరికి పిల్లలకు మీసాలొస్తాయి!

ఆరోగ్యం సంగతి చూడండి. జిమ్ములో బెల్టు మీద ఆయాసపడి పరుగెత్తితే గానీ పెరగని గుండె వేగం, మీటింగులో 'మీరేమంటారు?' అన్న ఒక్క ముక్కతో కుర్చీలోంచి కదలకుండానే పెరుగుతుంది. చెమట కూడా ఉచితం!

అన్నిటికీ మించి, నోరు మూసుకున్నవాళ్లకు పని తగలదు. నాకు తెలిసిన ఒక కంపెనీలో ఎక్కడా రాసి లేని చట్టం ఒకటి ఉంది. ఏ సమస్య గురించి ఎవరు నోరెత్తితే ఆ సమస్య ఇక వాళ్ల సొంతం. జలుబు చేసిన అకౌంటెంటు ఓసారి 'ఏసీ మరీ చల్లగా ఉందండీ' అన్నాడు. అంతే! ఆ రోజు నుంచీ ఏసీ రిమోటు అతని జేబులోనే ఉంటుంది. ఉక్కపోసినవాళ్లూ అతన్నే తిడతారు, వణుకుతున్నవాళ్లూ అతన్నే తిడతారు. 'పార్కింగులో నీడ లేదు' అన్న స్టోరు ఇన్‌ఛార్జి ఇప్పుడు పార్కింగు కమిటీ కన్వీనరు. కమిటీలో ఆయన ఒక్కడే. రోజూ ఎండలో నిలబడి నీడ గురించి చర్చించుకుంటూ ఉంటాడు.

ఇక ఆ కంపెనీలో బుద్ధిగా నోరు మూసుకున్నది ఎవరయ్యా అంటే, డిజైన్ సెక్షన్లో పనిచేసే ఒకావిడ. ఆన్‌లైన్ మీటింగుల్లో ఆవిడ పేరు పక్కనున్న మైకు బొమ్మ మీద ఎర్రగీత ఏనాడూ చెరగలేదు కాబట్టి అందరూ మ్యూటమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఎదురుగా అనరు. ఎదురుగా అన్నా ఆవిడ ఏమీ అనదు, అది వేరే విషయం. ఆవిడ కథ చెబుతాను. వినండి. భయం గొప్పదనం మీకే తెలుస్తుంది.

ఆ కంపెనీ వయసు మళ్లినవాళ్లకు కావలసిన సామాను తయారుచేస్తుంది. చేతికర్రలు, గోడకి బిగించే కడ్డీలు, ఊతమిచ్చే వాకర్లు. కొత్తగా స్నానాల కుర్చీ ఒకటి తలపెట్టారు. కింద కూర్చోలేని పెద్దవాళ్లు దాని మీద కూర్చుని హాయిగా నీళ్లు పోసుకోవచ్చు. కుర్చీ కాళ్లు గీసింది మ్యూటమ్మే. సబ్బు నీళ్లున్న నేల మీద కూడా పట్టు దొరకాలని ఒక్కో కాలికీ నల్లటి రబ్బరు తొడుగు పెట్టింది.

ఇక్కడ ఎండీగారి పద్ధతి ఒకటి చెప్పాలి. కొత్త సరుకు ఏదొచ్చినా ఆయన స్వయంగా పరీక్షిస్తారు. ఎక్కడ? మీటింగు రూములో! ఆ గదిలో మీగడ రంగు తివాచీ ఒకటి ఉంది. అడుగేస్తే మడమ దిగబడేంత మెత్తన. అదంటే ఎండీగారికి ప్రాణం. స్నానాల కుర్చీని దాని మీద వేయించి, సూటూ బూటూతో ఆయన కూర్చున్నారు. అటూ ఇటూ ఊగారు. "బండరాయిలా ఉందయ్యా!" అన్నారు. తరవాత సేల్స్ హెడ్ కూర్చున్నాడు. ఆ తరవాత అందరూ వరసగా కూర్చుని లేచారు. చుక్క నీరు తగలకుండా ఓ స్నానాల కుర్చీ పరీక్ష పాసైపోయింది!

అంతటితో ఆగితే బాగుండేది. అందరూ లేచాక చూస్తే తివాచీ మీద రబ్బరు తాలూకు నల్ల మచ్చలు. ఎండీగారి మొహం మాడిపోయింది.

"ఇదేంటి, మచ్చలు పడుతున్నాయి? కస్టమర్ ఇంట్లో కూడా ఇలాగే పడితే మన పరువేం కాను?"

కస్టమరు బాత్రూములో తివాచీ ఎందుకుంటుందని ఎవరైనా అడిగారా? అడగలేదు. భయం చల్లని తల్లి, అందరి నోళ్లూ కాపాడింది. సేల్స్ హెడ్ మాత్రం వెంటనే అందుకున్నాడు.

"తెల్ల ప్లాస్టిక్ తొడుగులు వేయిద్దాం సార్. నున్నగా ఉంటాయి, నీటుగా ఉంటాయి."

వేయించారు. ఎండీగారు మళ్లీ తివాచీ మీదే కూర్చుని, "ఇప్పుడూ బండరాయే!" అన్నారు. మచ్చలు పోయాయి. వాటితో పాటు పట్టు కూడా పోయింది.

ఇంట్లో పెద్దవాళ్లున్న ఉద్యోగులకు కొత్త సరుకు నమూనా ఒకటి ఇచ్చి పంపడం ఆ కంపెనీలో ఆనవాయితీ. వాడి చూసి ఏమన్నారో అడిగే ఆనవాయితీ మాత్రం లేదు. అలా తెల్ల కాళ్ల కుర్చీ ఒకటి మ్యూటమ్మ ఇంటికి చేరింది. ఆ ఇంట్లో ఆవిడ అత్తగారు ఉంటారు. అత్తగారు ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకాల్స్ కలిపేవారు. లైను సరిగ్గా లేకపోతే ఆవిడ గొంతే నేరుగా అవతలి ఊరికి వినబడేదని అప్పట్లో చెప్పుకునేవారట. ఆ గొంతే మర్నాడు పొద్దున బాత్రూములోంచి వచ్చింది.

"అమ్మాయ్!"

మ్యూటమ్మ పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తింది. అత్తగారు నీళ్ల పంపును రెండు చేతులా వాటేసుకుని నిలబడి ఉన్నారు. కుర్చీ గుమ్మం దాకా వచ్చేసింది.

"అయ్యో అత్తయ్యా, పడ్డారా?"

"నేనెక్కడ పడ్డాను? మీ కుర్చీయే నన్నొదిలేసి బయల్దేరింది. కాస్త సబ్బు నీళ్లు తగిలాయో లేదో, ఒకటే పరుగు! స్నానం నాకా, దానికా?"

"దెబ్బేమైనా తగిలిందా?"

"పంపు చేతికందింది కాబట్టి బతికిపోయాను. అందనివాళ్ల గతేంటి? ఇవాళే మీ ఆఫీసులో చెప్పు."

పడబోయింది అత్తగారే అయినా మొహం పాలిపోయింది మాత్రం కోడలిది. చెప్పడమా? తనా? ముందు మెయిలు పెట్టి చూసింది. 'మీటింగులో మాట్లాడదాం' అని జవాబొచ్చింది. తప్పించుకునే దారి మూసుకుపోయింది.

చెప్పాల్సిందల్లా ఒక్క వాక్యం. 'సార్, ఈ ప్లాస్టిక్ తొడుగులు తడి నేల మీద జారుతున్నాయి, మళ్లీ రబ్బరువే వేద్దాం.' గిన్నెలు తోముతూ చెప్పుకుంది, బాగానే వచ్చింది. బస్సులో మనసులో అనుకుంది, ఇంకా బాగా వచ్చింది. లిఫ్టులో అద్దానికి చెబితే అద్దం ఒప్పేసుకుంది కూడా. మీటింగు రూము తలుపు తీసేసరికి ఆ వాక్యంలోని మాటలు ఒక్కొక్కటే మెల్లగా జారుకున్నాయి. చివరికి 'సార్' ఒక్కటే మిగిలింది.

మీటింగు ముగించడంలోనూ ఎండీగారిది ఓ ప్రత్యేకమైన శైలి. "ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?" అని అడుగుతూనే ఫోను జేబులో వేసుకుంటారు, కుర్చీ వెనక్కి తోస్తారు, లేస్తారు. ప్రశ్న పూర్తయ్యేసరికి మనిషి సగం గుమ్మంలో ఉంటారు. ఆ రోజు మ్యూటమ్మ ఎలాగో ఆ సందులో దూరింది.

"సార్..."

అందరూ తిరిగి చూశారు. ఎండీగారు గుమ్మంలో ఆగారు. ఎప్పుడూ ఏమీ అనని మనిషి ఏమంటుందోనని ఏసీ కూడా చప్పుడు తగ్గించినట్టు అనిపించింది ఆవిడకు.

"చెప్పమ్మా."

"కుర్చీ... కుర్చీ చాలా బావుంది సార్."

"థాంక్యూ!" అని ఆయన వెళ్లిపోయారు.

చూశారా పాఠకులారా, భయం మహిమ? ఒక్క క్షణంలో ఓ విమర్శకురాలిని అభిమానిగా మార్చేసింది! ఏ మందైనా ఇంత త్వరగా పనిచేస్తుందా?

ఆ సాయంత్రం అత్తగారు గుమ్మంలోనే పట్టుకున్నారు.

"చెప్పావా?"

"చెప్పానత్తయ్యా."

"ఏమని?"

"బావుందని."

అత్తగారు ఏమీ అనలేదు. కూర కలిపేటప్పుడూ అనలేదు, మజ్జిగ పోసుకునేటప్పుడూ అనలేదు. మ్యూటమ్మ భర్త కంగారుపడిపోయి, "అమ్మకి ఒంట్లో బాగాలేదా?" అని వంటింట్లోకి వచ్చి రహస్యంగా అడిగాడు.

సరిగ్గా అప్పుడే కంపెనీకి ఓ గొప్ప ఆలోచన వచ్చింది. మీటింగుల్లో ఎవరూ మాట్లాడటం లేదని హెచ్చార్ మేడమ్ కనిపెట్టింది. ఎందుకు మాట్లాడటం లేదో కనిపెట్టడం ఆవిడ సెక్షన్ పని కాదు కాబట్టి, మాట్లాడించడానికి ఓ కోచ్‌ని పిలిపించింది. 'గొంతు విప్పండి' అని వర్క్‌షాపు. కోచ్ వస్తూనే మొదటి నిబంధన చెప్పాడు. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు, సందేహాలుంటే ఆఖర్లో. ఆఖర్లో టైము లేకపోయింది.

కానీ చిట్కాలు మాత్రం బోలెడు ఇచ్చాడు. మ్యూటమ్మ ఒక్కటీ వదలకుండా ఆచరించింది. ఎదురుగా ఉన్నవాళ్లంతా క్యాబేజీలనుకోమన్నాడు. అనుకుంది. కానీ టేబుల్ ఆ చివరనున్న క్యాబేజీ తన ఇంక్రిమెంటు మీద సంతకం పెట్టే క్యాబేజీ అని గుర్తొచ్చి మళ్లీ చెమటలు పట్టాయి. మాట్లాడే ముందు నీళ్లు తాగమన్నాడు. సీసా మొత్తం తాగింది. తన వంతు వచ్చేసరికి గదిలో లేదు. ధైర్యం రావాలంటే నడుం మీద చేతులు పెట్టుకుని, కాళ్లు ఎడంగా వేసి, గడ్డం ఎత్తి నిలబడమన్నాడు. లేడీస్ బాత్రూములో అద్దం ముందు అలాగే నిలబడి ఉంటే పర్చేజ్ మేడమ్ లోపలికొచ్చి, "ఏంటి మేడమ్, నీళ్లు రావట్లేదా? ఎవరిని తిడదాం?" అంది.

దీర్ఘంగా ఊపిరి పీల్చమన్నది మరో చిట్కా. ఆవిడ పీల్చింది. వదలడం మరిచిపోయింది. పక్కనున్న అకౌంటెంటు కంగారుపడి ఏసీ ఆపేశాడు.

ఇంత విద్య చేసినా భయం అలాగే ఉంది. రేపో మాపో కుర్చీ మార్కెట్లోకి వెళ్లిపోతుంది. ఆఖరి మీటింగు ముందురోజు సాయంత్రం ఆవిడ అత్తగారి పక్కన చతికిలబడి ఏడ్చినంత పని చేసింది.

"నా వల్ల కాదత్తయ్యా. ఎంత చేసినా భయం పోవట్లేదు."

"పోవాలని ఎవరన్నారు?" అన్నారు అత్తగారు. గొంతు కాస్త తగ్గించే అన్నారు, అయినా పక్కింటి కిటికీ తెరుచుకుంది. "ఎక్స్ఛేంజిలో మొదటి రోజు నాకూ గొంతు రాలేదే అమ్మాయ్. అవతల ఎవరో ఆస్పత్రికి లైను కలపమని ఏడుస్తున్నారు. నా భయం తగ్గేదాకా వాళ్లు ఆగుతారా? వణుకుతూనే కలిపాను. నువ్వూ వణుకుతూనే చెప్పు. నీ గొంతు వణికితే కుర్చీ జారడం మానేస్తుందా?"

కోచ్ ఫీజులో పైసా కూడా తీసుకోకుండా ఇచ్చిన సలహా. అందుకే కాబోలు, పనిచేసింది!

మర్నాడు మీటింగులో మ్యూటమ్మ లేచి నిలబడింది. టేబుల్ అంచు గట్టిగా పట్టుకుంది. "సార్, ఈ ప్లాస్టిక్ తొడుగులు తడి నేల మీద జారుతున్నాయి. మా అత్తగారు పడబోయారు. మళ్లీ రబ్బరువే వేద్దాం." గొంతు వణికింది, కానీ వాక్యం మాత్రం ఒక్క మాట కూడా తప్పిపోకుండా బయటికొచ్చింది.

ఎండీగారు కళ్లు పెద్దవి చేశారు.

"శభాష్!" అన్నారు.

చప్పట్లు! అందరూ లేచి నిలబడి మరీ చప్పట్లు! "చూశారా మన ట్రైనింగు ఎలా పనిచేసిందో!" అని హెచ్చార్ మేడమ్ కళ్లు తుడుచుకుంది. సేల్స్ హెడ్ వచ్చి చేయి కలిపి, "మీలో ఇంత ఉందనుకోలేదు మేడమ్" అన్నాడు. ఎవరో ఫొటో తీశారు. సాయంత్రానికల్లా ఆ ఫొటో నోటీసు బోర్డెక్కింది. కింద పెద్ద అక్షరాలతో, 'ఈమె మాట్లాడింది! మరి మీరు?'

ఏం మాట్లాడింది? దానికి బోర్డు మీద చోటు లేకపోయింది. ఆ చప్పట్లలో అది ఎవరి చెవినా పడలేదు. తెల్ల కాళ్ల కుర్చీలు లారీలెక్కి వెళ్లిపోయాయి. మ్యూటమ్మ నోటీసు బోర్డు ముందు నిలబడి, నోరు తెరిచి ఉన్న తన బొమ్మను చూసుకుంది. మీటింగులో మొదటిసారి మనసులో మాట చెబితే అది ఫొటో అయి ఊరుకుంది.

కొన్నాళ్లకే ఫోన్లు మొదలయ్యాయి. ఒకరికి మోకాలు కొట్టుకుంది, ఒకరికి నడుం పట్టేసింది. ఓ రోజు కస్టమర్ కేర్ అమ్మాయి డిజైన్ సెక్షన్లోకి వచ్చి మెల్లగా చెప్పింది. ఓ రిటైర్డ్ డ్రాయింగు మాస్టారు కుర్చీతో సహా జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారట. ఇక బొమ్మలు వేయలేనేమోనని ఫోన్లో బాధపడ్డారట.

ఇక్కడ నాకు వెటకారం రావడం లేదు, ఏమనుకోకండి. మ్యూటమ్మ తన కుడిచేతి వంక చూసుకుంది. ఆ కుర్చీ కాళ్లు గీసిన చేయి అది. ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. ఎప్పుడూ ఏడుపుదే పైచేయి అయ్యే ఆవిడలో ఆ రోజు కోపానిది పైచేయి అయింది.

అర్జెంటు మీటింగు పెట్టారు. ఎండీగారు టేబుల్ మీద గుద్దారు.

"ఇంతమంది ఉన్నారు! ముందే చెప్పాలని ఒక్కరికైనా తోచలేదా?"

"నేను చెప్పాను సార్," అంది మ్యూటమ్మ. "అందరూ చప్పట్లు కొట్టారు."

ఎండీగారు నుదురు రుద్దుకున్నారు. "అవునవును, చాలా బాగా మాట్లాడారు ఆ రోజు. ఫొటో కూడా ఉంది. ఏ విషయం గురించమ్మా అది?"

"చెప్పారు గానీ సార్," అని సేల్స్ హెడ్ అందుకున్నాడు, "ఇంకాస్త కాన్ఫిడెంట్‌గా చెప్పి ఉంటే మనకి ఎక్కి ఉండేది."

"అయితే ఇంకో బ్యాచ్ పెడదాం సార్," అంది హెచ్చార్ మేడమ్. "ఈసారి అడ్వాన్స్‌డ్ లెవెల్."

మ్యూటమ్మ లేచి బయటికి వెళ్లిపోయింది. ఏడవడానికి వెళ్లిందనుకున్నారు అందరూ. 'పాపం, సెన్సిటివ్' అని ఎవరో అన్నారు కూడా. ఆవిడ తిరిగొచ్చింది. ఒక చేతిలో స్నానాల కుర్చీ, ఇంకో చేతిలో నేల తుడిచే బకెట్టు. బకెట్టు నిండా సబ్బు నీళ్లు!

తివాచీ ఓ కొస పట్టుకుని చుట్టడం మొదలుపెట్టింది. బరువుగా ఉంది. అకౌంటెంటు రిమోటు జేబులో దోపుకుని వచ్చి ఓ చేయి వేశాడు. కింద నున్నటి టైల్సు బయటపడ్డాయి. బకెట్టు వంచింది. సబ్బు నీళ్లు టైల్సు మీద పరుచుకుని, అటు నుంచి మీగడ రంగు తివాచీలోకి తీరిగ్గా ఇంకాయి. కుర్చీని ఆ నీళ్లలో పెట్టింది.

"కూర్చోండి సార్."

ఎండీగారు కుర్చీని చూశారు. నీళ్లను చూశారు. సేల్స్ హెడ్‌ని చూశారు.

"నువ్వు కూర్చోవయ్యా."

"నాకు నడుం నొప్పి సార్."

హెచ్చార్ మేడమ్ వంక తిరిగారు. ఆవిడ మోగని ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "హలో, హలో" అంటూ గోడవైపు తిరిగింది.

"బండరాయిలా ఉందన్నారు కదా సార్," అంది మ్యూటమ్మ. గొంతు ఇప్పుడూ వణుకుతూనే ఉంది. "ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?"

అడిగి వెళ్లిపోలేదు. అక్కడే నిలబడింది. జవాబు కోసం ఎదురుచూసింది. ఆ గదిలో ఆ ప్రశ్న అడిగి ఎవరైనా జవాబు కోసం ఆగడం అదే మొదటిసారి.

ఎండీగారు నోరు తెరిచారు. మాట రాలేదు. గ్లాసు అందుకుని నీళ్లు తాగారు. దీర్ఘంగా ఊపిరి పీల్చారు. చివరికి ఆయన నోటి నుంచి ఒకే ఒక్క మాట బయటికొచ్చింది.

"రబ్బరు," అన్నారు.

అమ్మిన కుర్చీలన్నీ వెనక్కి తెప్పించి రబ్బరు తొడుగులు వేయించారు. మాస్టారి కట్టు ఖర్చు కంపెనీయే పెట్టుకుంది. ఆ సాయంత్రం అత్తగారు గుమ్మంలోనే అడిగారు.

"ఈసారైనా సరిగ్గా చెప్పావా?"

"చెప్పలేదత్తయ్యా. పోశాను," అంది మ్యూటమ్మ.

ఇప్పటికైనా ఒప్పుకుంటారా, భయం వరమని? ఆ గదిలో అది టేబుల్ ఈ చివర ఉన్నన్నాళ్లూ కుర్చీలు జారాయి, మనుషులు పడ్డారు. ఒక్క పూట ఆ చివరికి వెళ్లింది, రబ్బరు వచ్చేసింది! ఇంత గొప్ప వరాన్ని ఇన్నాళ్లూ కిందివాళ్లే అనుభవించడం అన్యాయం కాదూ? కోచ్‌లకు నాదొక మనవి. మా భయం పోగొట్టే శ్రమ మీకొద్దు. దాన్ని కాస్త పై అంతస్తుకి బదిలీ చేయించి పెట్టండి, చాలు. గొంతులకు క్లాసులు ఎలాగూ అయ్యాయి. చెవులకు బ్యాచ్ ఎప్పుడు మొదలుపెడుతున్నారు?

అన్నట్టు, కంపెనీ చట్టం మాత్రం మారలేదు. తివాచీ తడిపింది మ్యూటమ్మ కాబట్టి ఆరబెట్టే బాధ్యత ఆవిడకే అప్పగించారు. మేడ మీద పరిచింది. అది ఆరేదాకా ఆ గదిలో మీటింగులు లేవని ఎండీగారు ఆర్డరు వేశారు. మంచి ఎండలు కాస్తున్నాయి, తివాచీ ఎప్పుడో ఎండి అప్పడమైంది. మేడ మీదికెళ్లిన ప్రతివాళ్లకూ ఆ సంగతి తెలుసు. కానీ ఏం చేస్తాం? వెళ్లి చెబుదామంటే, పాపం, ఒక్కరికీ నోరు పెగలడం లేదు!